గొంజాగా, సెయింట్ మేరీస్: ఇది సమ ఉజ్జీల పోరేనా?

తూర్పుకొండ:
అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్ లీగ్ అయిన వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో గొంజాగాకు ఎదురు లేదన్న మాట ఇంకా వింటున్నాను. నేను ఒప్పుకోను. 2024లోనూ 2025లోనూ లీగ్ టైటిల్ ఎవరితోనూ పంచుకోకుండా గెలిచింది సెయింట్ మేరీస్. 2024లో గొంజాగా సొంత ఊరు స్పొకాన్ వెళ్ళి 64–62తో ఓడించింది, ఆపై లాస్ వేగాస్‌లో లీగ్ చివర జరిగే టోర్నీ ఫైనల్లో 69–60తో ట్రోఫీ ఎత్తుకుంది. మరుసటి ఏడాది లీగ్‌లో ఆడిన రెండు మ్యాచ్‌లూ తనవే. ఇంతకన్నా ఏం కావాలి?

రెండోసగం:
తూర్పుకొండ గారూ, 2025 ఫైనల్‌ను దాటేశారు. అక్కడ గొంజాగా 58–51తో గెలిచింది. 2023 ఫైనల్ సంగతి సరేసరి, 77–51! 2001 నుంచి 2011 వరకు వరసగా పదకొండు లీగ్ టైటిళ్ళు గొంజాగావే, కొన్ని పంచుకున్నవైనా సరే. 1999 నుంచి జాతీయ స్థాయి కాలేజీ టోర్నీ అయిన ఎన్‌సీఏఏ టోర్నీ జరిగిన ప్రతి ఏడాదీ అందులో ఆడింది. 2017, 2021లో జాతీయ ఫైనల్ దాకా వెళ్ళింది. అదే కాలంలో మీ జట్టు 2010లో చివరి 16 జట్లలో నిలవడంతోనే ఆగింది. గౌరవం వేరు, సమానత్వం వేరు.

తూర్పుకొండ:
జాతీయ స్థాయి లెక్క నాకూ తెలుసు. నేను అడిగేది వేరు: గొంజాగాను దాని ఆట ఆడనివ్వకుండా చేసిన జట్టు ఈ లీగ్‌లో ఇంకేది? 2019 ఫైనల్ నాటికి గొంజాగా దేశంలో నంబర్ వన్. ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 80కి పైగా పాయింట్లు చేసిన జట్టు, ఆ రాత్రి 47 దగ్గర ఆగిపోయింది. 60–47. 2022లో మళ్ళీ నంబర్ వన్‌గా సెయింట్ మేరీస్ సొంత ఊరు మొరాగా వచ్చి 67–57తో ఓడింది. ఇది గాలివాటం గెలుపు కాదు. సెయింట్ మేరీస్ తొందరపడదు. షాట్ క్లాక్ (బుట్టలోకి బంతి వేయడానికి ఇచ్చే గడువు) చివరి క్షణాల దాకా బంతిని తిప్పుతుంది, గురి తప్పి వెనక్కొచ్చే బంతులను (రీబౌండ్లు) వదలదు, మెరుపు ఎదురుదాడికి (ఫాస్ట్ బ్రేక్) దారి ఇవ్వదు. పరుగుతో గెలిచే జట్టును నడిపించి గెలుస్తుంది. చూడటానికి విసుగని కొందరంటారు, నాకు మాత్రం అందులోనే అందం కనిపిస్తుంది. గొంజాగా కోచ్‌గా మార్క్ ఫ్యూ 1999లో, సెయింట్ మేరీస్ కోచ్‌గా రాండీ బెనెట్ 2001లో పగ్గాలు పట్టారు. 2025 ఫైనల్లోనూ ఎదురెదురుగా నిలబడింది ఆ ఇద్దరే. ఒకరి ఎత్తు ఇంకొకరికి కంఠతా వచ్చు.

పచ్చగూడ:
మీ ఇద్దరి వాదన బాగుంది కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. 2026 జూలై నుంచి గొంజాగా పాక్-12 అనే మరో లీగ్‌లో సభ్యురాలు. ఏటా రెండుసార్లు తప్పనిసరిగా తలపడే రోజులు పోతాయి. అప్పుడు ఈ పోటీని నిలిపేది ఎవరు?

రెండోసగం:
గొంజాగా నవంబరు, డిసెంబరుల్లో, లీగ్ మ్యాచ్‌లకు ముందు, పెద్ద జట్లతో ఆడాలి. ఉన్న తేదీలే తక్కువ. ఆడాల్సి వస్తే తటస్థ వేదిక మేలు. మొరాగా జిమ్‌లో పట్టేది 3,500 మందే.

పచ్చగూడ:
ఆ 3,500 మంది మధ్య గెలవడం కష్టం కాబట్టే ఆ మ్యాచ్‌కు విలువ. పైగా ఎన్‌సీఏఏ టోర్నీకి జట్లను ఎంపిక చేసేటప్పుడు బలమైన జట్టును దాని సొంత గడ్డ మీద ఓడించడం ఎంతో లెక్కలోకి వస్తుంది. సెయింట్ మేరీస్ అలాంటి జట్టే. ఒక డిసెంబరు మొరాగాలో, తర్వాతి డిసెంబరు స్పొకాన్‌లో. ఒప్పందం ఇలా ఉండాలి.

రెండోసగం:
స్పొకాన్‌తో మొదలుపెడితే నాకు అభ్యంతరం లేదు.

తూర్పుకొండ:
కుదరదు. మొదటిది మొరాగాలోనే. లీగ్ వదిలి వెళ్తున్నది మీరు.