పిండ మూలకణాలు, పెద్దల మూలకణాలు: ల్యాబులోనూ వైద్యంలోనూ తేడా ఎక్కడ వస్తుంది?

మద్దిలపాలెం_విద్యార్థి:
ఏయూలో సెమినార్ ఉంది. పిండ మూలకణాలు ఒంట్లోని ఏ కణంగానైనా మారతాయి, పెద్దవాళ్లలోవి కొన్ని రకాలుగానే మారతాయి అని పుస్తకంలో ఉంది. మరి ఆస్పత్రుల్లో రెండో రకమే ఎందుకు ఎక్కువ వాడుతున్నారు? పెంచే పద్ధతి కూడా చెప్పండి.

కల్చర్_హుడ్:
ఏదైనా కాగలగడమే పిండ మూలకణాలతో చిక్కు. ఫలదీకరణ జరిగిన 5-6 రోజులకి బ్లాస్టోసిస్ట్ (తొలి దశ పిండం) లోపలి కణాల ముద్ద నుంచి తీస్తారు. మనుషుల కణాలను ఇలా మొదట పెంచింది 1998లో, అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ బృందం. మార్చకుండా అలాగే రోగనిరోధక శక్తి లేని ఎలుకకి ఎక్కిస్తే టెరటోమా గడ్డ కడుతుంది. కోసి చూస్తే మృదులాస్థి, పేగు పొర, నాడీకణాలు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. అందుకే ముందు కావలసిన కణంగా మార్చాలి, మారనివి మిగల్లేదని తేల్చుకోవాలి.

పెంపకం: మాట్రిజెల్ (కణాలు అతుక్కునేందుకు వేసే జెల్) పూసిన ప్లేటు, రోజూ మీడియం (పోషక ద్రవం) మార్పు, 4-6 రోజులకోసారి ఈడీటీఏతో (కణాల పట్టు సడలించే రసాయనం) చిన్న గుంపులుగా విడదీయడం. ట్రిప్సిన్ ఎంజైమ్‌తో విడివిడి కణాలు చేస్తే చాలామటుకు చచ్చిపోతాయి. తప్పనిసరైతే విడిపోయిన కణాలు చావకుండా కాపాడే రాక్ ఇన్హిబిటర్ వై-27632, 10 మైక్రోమోలార్, మొదటి 24 గంటలు. కాలనీ (కణాల గుంపు) అంచు నున్నగా ఉండాలి. అంచున కణాలు చదునుగా పాకుతుంటే మారడం మొదలైనట్టే, ఆ భాగాన్ని పిపెట్ మొనతో గీకి తీసేయండి.

ఉన్నట్టుండి ప్లేటు త్వరగా నిండుతోందంటే అనుమానించాలి. 20వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క అదనంగా చేరిన కణాలు మిగతావాటిని తోసేస్తాయి. మామూలు కేరియోటైప్‌కి (క్రోమోజోమ్‌లను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) అది దొరక్కపోవచ్చు, ఆ ముక్కనే మెరిసే రంగుతో గుర్తించే ఫిష్ పరీక్ష చేయించాలి.

మజ్జ_బెంచ్:
పెద్దల ఎముక మజ్జలోని మెసెంకైమల్ అనే మూలకణాలకి ఇంత గారాబం అక్కర్లేదు, కానీ దొరకడమే కష్టం: లక్ష కణాల్లో 1 నుంచి 10. ప్లాస్టిక్‌కి అతుక్కుంటాయి, ట్రిప్సిన్ తట్టుకుంటాయి. అతుక్కున్నంత మాత్రాన మూలకణం అనేయకండి. 2006 నాటి ప్రమాణం ప్రకారం సీడీ73, సీడీ90, సీడీ105 అనే గుర్తు ప్రోటీన్లు కనీసం 95% కణాల్లో ఉండాలి, సీడీ45, సీడీ34 లాంటివి 2% దాటకూడదు. ఎముక, కొవ్వు, మృదులాస్థిగా మారి చూపించాలి కూడా. 70-80% నిండగానే విడదీయండి. పాసేజీలు (విడదీసి కొత్త ప్లేటులో వేయడాలు) పెరిగేకొద్దీ దోసెలా పరుచుకుని విభజన ఆపేస్తాయి. పిండ కణాలకి ఈ ముసలితనం లేదు.

నల్లగుడ్డు_అంచు:
వైద్యం ప్రశ్నకి కన్నే మంచి ఉదాహరణ. సున్నం పడితే నల్లగుడ్డు అంచున, లింబస్‌లో ఉండే మూలకణాలు పోతాయి, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీదకి తెల్లగుడ్డు పొర, రక్తనాళాలు పాకుతాయి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ సంస్థలో రూపొంది 2012లో ప్రచురితమైన స్లెట్ అనే లింబస్ మూలకణాల మార్పిడి పద్ధతిలో, బాగున్న కంటి అంచు నుంచి సుమారు 2 మి.మీ. ముక్క తీసి, 8-10 ముక్కలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద ఫైబ్రిన్ జిగురుతో అంటిస్తారు. కణాలు ల్యాబులో పెంచే పనే లేదు. సొంత కణాలే కనుక శరీరం తిరస్కరించదు. ఒంట్లో చేసే పనినే ఇక్కడా చేస్తాయి, కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. రెండు కళ్లూ దెబ్బతింటే మాత్రం దాత కణాలు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు తప్పవు.

సున్నం పడితే రుద్దకుండా, రేణువులు తీస్తూ అరగంట నీళ్లతో కడిగి, వెంటనే కంటి ఆస్పత్రికి వెళ్లాలి.

మద్దిలపాలెం_విద్యార్థి:
ఆటిజానికి, మోకాళ్లకి స్టెమ్ సెల్ వైద్యం అని ప్రకటనలు వస్తున్నాయి కదా?

మజ్జ_బెంచ్:
2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో మామూలు చికిత్సగా ఒప్పుకున్నది రక్తపు జబ్బులకి రక్త మూలకణ మార్పిడినే. ఆ రెండూ అందులో లేవు. ట్రయల్ అంటే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబర్ అడిగి, ఆ సైట్‌లో ఏ జబ్బుకి, ఏ ఆస్పత్రిలో నమోదైందో సరిచూసుకోండి.