సమస్య: నిప్పులోఁ గప్ప నిదురించె నిశ్చలముగ

నిర్వాహకుడు, పటమట: రోహిణి కార్తె. మేడమీద ట్యాంకు నీళ్లతో టీ పెట్టుకోవచ్చు. నిన్న కరెంటు పోయినప్పుడు తట్టిన పాదమిది. కప్ప కల్పితమే కావచ్చు, ఒళ్లు పనిచేసే తీరు మాత్రం నమ్మించాలి. మునులు, శాపాలు వద్దు.

బ్రాడీపేట మాస్టారు:

విడిచి కుబుసము పొరలుగా నొడలఁ జుట్టి
నీటి బొట్టునుఁ జేజార నీక దాఁచి
రోళ్లు పగిలెడు రోహిణి రోజులందు
నిప్పులోఁ గప్ప నిదురించె నిశ్చలముగ

ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో కొన్ని కప్పలు భూమిలో దూరి, ఊడిన చర్మంతోనే గూడు కట్టుకుంటాయి. మూత్రాశయమే వాటి నీళ్లబిందె. నా అగ్గికప్ప వాటికి మేనత్త కూతురు.

యార్డు ఘాటు: ఒడలంతా చుట్టేస్తే ఊపిరెలా మాస్టారూ? కప్ప చర్మంతోనూ పీలుస్తుందని చెప్పింది మీరేగా!

మాస్టారు: ముక్కుపుటాలు వదిలేసే చుడుతుందండీ. పద్యంలో చోటు చాల్లేదు.

ఘాటు: మీకెప్పుడు చాలింది గనక? ఉగాది పూరణలో కోకిలకు రెక్కలే మరిచారు. పైగా మీ కప్ప ఉన్నది మట్టిలో. ఇది చూడండి:

మిర్చి యార్డుకు సెలవులు మేటి యెండ
గేటు మూసిరి కూలీల కేకలుడుగ
చెవినిఁ గోల్పోయి గొలుసుకుఁ జిక్కి తూఁగి
నిప్పులోఁ గప్ప నిదురించె నిశ్చలముగ

మాస్టారు: ‘ఉడుగ’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న మాట. దాని తర్వాత ‘చ’ ‘జ’ అవుతుంది, ‘జెవిని’ అనాలి. యార్డులో తూకం తప్పితే ఊరుకుంటారా? ఇక ‘మేటి యెండ’ యతికోసం అరువు తెచ్చిన మేటి.

నిర్వాహకుడు: ఆ అక్షరం దిద్దుకోండి, యతి చెడదు. కానీ చెవి చూశారా! తాళంకప్పకు చెవి పోయింది. అసలు కప్పకూ బయటి చెవి లేదు, కంటి వెనక కర్ణభేరి బిళ్లే. పొద్దుటినుంచి దీన్నే నెమరేస్తున్నాను.

మాస్టారు: మీరడిగింది జీవి. ఇనుముకు జీవక్రియ ఏదండీ?

ఘాటు: ‘నిశ్చలముగ’ అని వారే ఇచ్చారు కదండీ.

కృష్ణలంక కోడలు: జపాన్‌లో కుచినోషిమా దీవి వేడినీటి ఊటల్లో, 46 డిగ్రీల నీళ్లలో తోకకప్పలు కనబడ్డాయట. దాని మీద అల్లుతున్నాను. ‘కుచినోషిమా’ ఏ గణంలోనూ ఇమడటం లేదు బాబాయిగారూ.

నిర్వాహకుడు: దీవి పేరు వదిలెయ్యమ్మా, ఊట చాలు.

మాస్టారు: కోకిల రెక్కలు మూడో పాదంలో ఉన్నాయి. పాత పూరణ తీసి చూసుకోమనండి.