హంగరీ నడక క్రీడాకారిణి విక్టోరియా మొదరాస్ గురించి

ప్రశ్న: 1985లో జన్మించిన విక్టోరియా మొదరాస్ ఏ ఒలింపిక్స్‌లో నడిచారు? మహిళల నడక పోటీల దూరం ఎందుకు మారుతూ వచ్చింది?

జవాబు: ఆమె 2016 రియోలోను, ఆ తరువాత టోక్యో ఒలింపిక్స్‌లోను 20 కిలోమీటర్ల నడకలో పాల్గొన్నారు. టోక్యో ఎండలకు వెరచి, 2021 ఆగస్టులో జరిగిన ఆ పోటీని ఉత్తరాన ఉన్న సప్పొరోకు తరలించారు. హంగరీవారు కూడా మనలాగే ఇంటిపేరును ముందు రాస్తారు కనుక స్వదేశంలో ఆమె మొదరాస్ విక్టోరియా.

మరో జవాబు: దూరం విషయానికి వస్తే, 1992 బార్సిలోనాలో 10 కిలోమీటర్లతో మొదలైన మహిళల ఒలింపిక్ నడక 2000 సిడ్నీ నాటికి 20 అయింది; ప్రపంచ పోటీల్లోనైతే 2017లో 50 కిలోమీటర్ల నడక కూడా చేరి, 2022లో అది 35కు తగ్గింది. స్త్రీలకు ఇంత దూరం తగదన్న పాత అపోహ తొలగడానికి పట్టిన కాలమే ఇదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మరి ఎర్ర కార్డుల సంగతి?

జవాబు: కంటికి కనిపించేలా రెండు పాదాలూ నేలను వీడినా, నేలను తాకిన కాలు శరీరం కిందికి నిటారుగా వచ్చేలోపు మోకాలు వంగినా, న్యాయనిర్ణేత ఎర్ర కార్డు ప్రతిపాదిస్తారు. అలాంటివి మూడైతే 20 కిలోమీటర్ల పోటీలో రెండు నిమిషాలు ఆగాలి, నాలుగైతే పోటీ నుంచి తప్పుకోవాలి.