మోడల్‌లో ఇచ్చిన కొలతలే డ్రాయింగ్‌లోకి తెచ్చుకోవాలా, మళ్ళీ చేత్తో పెట్టాలా?

డిప్లొమా_బాలానగర్
నమస్కారం. ఫిక్చర్లు, చిన్న హౌసింగులు చేసే షాపులో డిజైన్ పనికి చేరి ఎనిమిది నెలలైంది. సాలిడ్‌వర్క్స్ (3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) వాడతాం. మోడల్ పూర్తయ్యాక షీట్ తెరిచి ఫ్రంట్, టాప్, సైడ్ వ్యూలు దించి 'మోడల్ ఐటమ్స్' నొక్కుతాను. స్కెచ్‌లో ఇచ్చిన కొలతలన్నీ వచ్చి పడతాయి. కాస్త సర్దితే అరగంటలో షీట్ రెడీ. మా సీనియర్ మాత్రం అవన్నీ తీసేసి ఒక్కొక్కటీ మళ్ళీ పెట్టమంటారు. ఒకసారి ఇచ్చిన కొలతను రెండోసారి ఎందుకివ్వాలి? ఎవరిది కరెక్ట్?

పాత_డ్రాఫ్ట్స్‌మన్
మీ సీనియర్‌దే, తమ్ముడూ.

నువ్వు స్కెచ్ ఎలా గీశావో టర్నర్‌కి అక్కర్లేదు. 6204 బేరింగ్ హౌసింగ్ తీసుకో. ఆ బేరింగ్ 20 బోరు, 47 బయటి డయా, 14 వెడల్పు. హౌసింగ్ మొత్తం పొడవు 40 అనుకుందాం. మోడల్‌లో నీకు సులువని వెనక ముఖం నుంచి 26 దగ్గర ప్లేన్ పెట్టి, అక్కడి నుంచి ముందుకు 47 బోరు కోశావు. జ్యామితి ప్రకారం తప్పేమీ లేదు, 40లో 26 పోతే 14.

ఇప్పుడు మోడల్ ఐటమ్స్ నొక్కితే షీట్ మీదకు వచ్చేవి 40, 26. టైటిల్ బ్లాక్‌లో ఐఎస్ఓ 2768-ఎమ్ అని రాసి ఉంటుంది, అంటే విడిగా టాలరెన్స్ రాయని కొలతల్లో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే ప్రమాణం. దాని ప్రకారం 40కి ±0.3, 26కి ±0.2. రెండూ కలిస్తే బేరింగ్ కూర్చునే లోతు 14 ±0.5 అవుతుంది. అదే 14ను ముందు ముఖం నుంచి నేరుగా ఇస్తే ±0.2తో పోతుంది, కావాలంటే ఇంకా బిగించవచ్చు. ముందు నుంచి క్యాప్ వేసి నొక్కే బేరింగ్‌కి అర మిల్లీమీటరు తేడా వస్తే? లోతు ఎక్కువైతే బేరింగ్ లోపల ఆడుతుంది, తక్కువైతే క్యాప్ ముఖానికి ఆనదు. తయారు చేసినవాడు కొలతల ప్రకారమే చేశాడు, ఇన్‌స్పెక్షన్ పాసయింది, జాబ్ మాత్రం పనికిరాదు. ఎవరిని తిడతావు?

పుణె_నుంచి_శ్రీకాకుళం
అన్నా, మీరు చెప్పిన లెక్క నూటికి నూరుపాళ్ళూ నిజం. కానీ తప్పు మోడల్ ఐటమ్స్‌ది కాదు, స్కెచ్‌ది. ముందు ముఖం నుంచి 14 అని మోడల్‌లోనే ఇచ్చుంటే షీట్ మీదకు కూడా 14 వచ్చేది. చేత్తో మళ్ళీ పెట్టించడమంటే పాడు స్కెచ్‌కి ముసుగు వేయడమే. రేపు ఎవరో మొత్తం పొడవు 40ని 42 చేస్తారు. నీ 26 కదలదు, సీటు లోతు 16 అయి కూర్చుంటుంది. డ్రాయింగ్‌లో చేత్తో పెట్టిన 14 కూడా నోరెత్తకుండా 16 అని మారిపోతుంది. అప్పుడేం చేస్తారు?

ఇంకోటి. 47 హెచ్7 అని టాలరెన్స్ మోడల్‌లోనే పెడితే (అంటే బోరులో ఒప్పుకునే తేడా +0.025, 0), ఆ పార్టు మీద ఎన్ని షీట్లు తీసినా అదే వస్తుంది. చేత్తో పెడితే ఒక షీట్‌లో హెచ్7, ఇంకో షీట్‌లో ఉత్త 47. ఈ తలనొప్పి నేను చాలా పడ్డాను.

పాత_డ్రాఫ్ట్స్‌మన్
42 మాట ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. కానీ అందరూ నీలా ఆలోచించి స్కెచ్ గీస్తారా? ఎనిమిది నెలల కుర్రాడికి ఏది ఫంక్షన్ కొలతో తెలిసేది డ్రాయింగ్ దగ్గర కూర్చున్నప్పుడే.

రాత్రి_షిఫ్ట్
మోడల్ కొలతలు షీట్‌లో ఉంటే ఇంకో ప్రమాదం ఉంది, ఎవరూ చెప్పట్లేదు. వాటి మీద డబుల్ క్లిక్ చేసి అంకె మారిస్తే మోడలే మారిపోతుంది. నేను ఇదివరకు చేసిన చోట ఒకాయన కస్టమర్‌కి చూపించడానికని 47ని 52 చేశాడు, ఒక సైజు పెద్దదైన 6205 బేరింగ్ వేస్తే ఎలా ఉంటుందో చూద్దామని. సేవ్ కూడా కొట్టాడు. అదే పార్టు ఇంకో రెండు అసెంబ్లీల్లో ఉంది. మేం కనిపెట్టేసరికి నాలుగు హౌసింగులు బోరై వచ్చాయి. డ్రాయింగ్‌లో పెట్టుకున్న రిఫరెన్స్ కొలతతో ఈ గొడవ లేదు.

టర్నర్_చర్లపల్లి
సార్లూ, మీరు ఎలా పెట్టినా సరే, మెషిన్ దగ్గర నాతో క్యాలిక్యులేటర్ తీయించకండి. టాప్ వ్యూ పైన పెట్టారో (థర్డ్ యాంగిల్) కింద పెట్టారో (ఫస్ట్ యాంగిల్) షీట్ మీది ఆ కోన్ గుర్తు చూసి చెప్పుకోవాలి. అదీ సరిగా ఉంటే చాలు. ఒకసారి ఫస్ట్ యాంగిల్ అనుకుని చేశాం, షీట్ థర్డ్ యాంగిల్. కుడి బ్రాకెట్లన్నీ ఎడమవి అయ్యాయి.

మోడలే_ముద్దు
ఈ రోజుల్లో కూడా 2డీ షీటు గురించి కొట్టుకుంటున్నారా? కొలతలు, టాలరెన్సులు 3డీ మోడల్‌కే అంటించే పద్ధతికి ఏఎస్ఎమ్ఈ వై14.41 ప్రమాణం 2003లోనే వచ్చింది. 2014లో వచ్చిన స్టెప్ ఏపీ242 ఫైల్ వాటిని కూడా మోసుకెళ్తుంది. షీటే లేకపోతే ఈ ప్రశ్నే లేదు.

పుణె_నుంచి_శ్రీకాకుళం
పెద్ద విమానాల కంపెనీలకు సరే. మా హీట్ ట్రీట్‌మెంట్ ఆయనకి నూనె చేతుల్తో పట్టుకోవడానికి కాగితం కావాలి.

డిప్లొమా_బాలానగర్
అందరికీ థ్యాంక్స్. ఈ సాయంత్రం పాత హౌసింగ్ ఒకటి తెరిచి చూశాను. మోడల్ ఐటమ్స్‌తో వచ్చినవి పోను, రావాల్సినవి కొన్ని అసలు రాలేదు. ఫ్లాంజ్ రంధ్రాలను నేను సిమెట్రిక్ రిలేషన్‌తో (మధ్య గీతకు రెండు వైపులా సమదూరంలో) పెట్టాను, అంచు నుంచి దూరం ఎక్కడా లేదు. ఒక కట్ 'అప్ టు సర్ఫేస్' (ఫలానా ముఖం దాకా కోయమని) ఇచ్చాను, దానికి లోతు కొలతే లేదు. ఇన్నాళ్ళూ టర్నర్ అన్న అడిగి తెలుసుకునేవాడు, నేనేమో ఆయనకి డ్రాయింగ్ చదవడం రాదనుకున్నాను.

ఇకమీదట అన్నీ తీసేయను. మోడల్‌లో 'మార్క్ ఫర్ డ్రాయింగ్' (షీట్‌లోకి రావాలన్న గుర్తు) పెట్టినవే తెచ్చుకుని, మిగతావి చేత్తో పెడతాను. 14 మాత్రం మోడల్‌లోనే మారుస్తాను.

పాత_డ్రాఫ్ట్స్‌మన్
అది బాగుంది. షీట్ టెంప్లేట్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నావో కూడా చూసుకో. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఎస్పీ 46 ప్రకారం మనది ఫస్ట్ యాంగిల్. నెట్‌లో దొరికే అమెరికా టెంప్లేట్లు థర్డ్ యాంగిల్.

డిప్లొమా_బాలానగర్
ఇప్పుడే చూశాను. థర్డ్ యాంగిలే ఉంది. మా హౌసింగులన్నీ గుండ్రంగా, రెండు వైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి బయటపడలేదేమో. సోమవారం ఒక బ్రాకెట్ వెళ్ళాలి. సీనియర్‌కి ఎలా చెప్పాలా అని టెన్షన్‌గా ఉంది.