స్ప్రే కొట్టిన కొద్దీ చీమలు పెరుగుతున్నాయి, ఏం చేయాలి?

నిద్రలేనమ్మ:

నెల రోజులుగా చీమలతో వేగలేకపోతున్నానండీ. మేముండేది మూడో అంతస్తు, చుట్టుపక్కల మట్టి కూడా లేదు, ఇంత పైకి ఎలా వస్తున్నాయో దేవుడికే తెలియాలి. మొదట్లో సింకు పక్కన రెండు టైల్స్ మధ్య చీలిక లోంచి ఒకే ఒక్క బారు వచ్చేది. చాలా చిన్నవి, లేత పసుపు రంగు, దగ్గరగా వంగి చూస్తే తప్ప కనపడవు. స్ప్రే డబ్బా తెచ్చి బారు పొడవునా కొట్టాను, ఆ చీలికలోకి కూడా బాగా పట్టించాను. రెండు రోజులు ప్రశాంతం. మూడో రోజు పొద్దున చూస్తే బాత్రూమ్ గుమ్మం దగ్గర ఒక బారు, పడగ్గదిలో స్విచ్‌బోర్డు లోంచి ఇంకో బారు. అక్కడా కొట్టాను. ఇప్పుడు మొత్తం నాలుగు చోట్ల నుంచి వస్తున్నాయి! ఎవరు ఏ పొడి చల్లమంటే ఆ పొడి చల్లాను, అవి దాని చుట్టూ తిరిగి దర్జాగా తమ దారిన పోతున్నాయి.

ఇన్నాళ్లూ చిరాకు మాత్రమే, నిన్న రాత్రి నుంచి టెన్షన్ మొదలైంది. పాప పాలసీసా పీక మీద చీమలు పట్టి ఉన్నాయి. దానికి తొమ్మిది నెలలు, ఇల్లంతా పాకుతుంది, చేతికి ఏది దొరికితే అది నోట్లోకే, అందుకని ఇంక స్ప్రే కొట్టడానికి చేయి రావట్లేదు. మా ఆయన్ని అడిగితే "చీమలే కదా, పులులు కాదుగా" అంటారు. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవడమేనా, ఇంట్లో మనం చేసుకోగలిగింది ఏదైనా ఉందా? అసలు కొట్టిన కొద్దీ పెరగడం ఏంటి, ముందు అది చెప్పండి.

తడిగుడ్డ:

సబ్బు నీళ్లతో తుడవండి. తిండి దొరికిన చీమ తిరిగి వెళ్తూ పొట్ట నేలకు ఆనించి వాసన గీత గీసుకుంటూ పోతుంది, మిగతావి దాన్ని పట్టుకుని వస్తాయి, వచ్చి తిండి దొరికిన ప్రతి చీమా ఆ గీతను ఇంకొంచెం గట్టి చేస్తుంది. నమ్మకపోతే బారుకు అడ్డంగా వేలితో ఒక్కసారి గట్టిగా రుద్ది చూడండి, అటువి అటు, ఇటువి ఇటు ఆగిపోయి కాసేపు తికమక పడతాయి. మా ఇంట్లో తుడుపుతోనే పోయాయి.

నిద్రలేనమ్మ:

రోజుకు మూడుసార్లు తుడుస్తున్నానండీ. గంటలో మళ్లీ గీత గీసేసుకుంటున్నాయి.

మూడిళ్లు మారినవాడు:

లేత పసుపు రంగు, చాలా చిన్నవి, స్ప్రే కొడితే ఒకటి నాలుగైంది అంటున్నారు కాబట్టి నాకు తెలిసి అవి ఫారో చీమలు. పొడవు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది అంతే. తల మాత్రం నల్లగా ఉండి వెనక భాగం గాజులా పాలిపోయి ఉంటే అది వేరే రకం, కానీ అదీ ఇలాగే సతాయిస్తుంది, వైద్యం కూడా దాదాపు ఒకటే కాబట్టి ఆ తేడా గురించి బుర్ర పాడుచేసుకోకండి. నేను ఇల్లు మారినా నా వెంట వచ్చిన చీమలివి, అట్టపెట్టెల్లో కాపురం పెట్టుకుని వచ్చాయని తర్వాత తెలిసింది.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు. ఈ రకానికి ఒక్క రాణి కాదు, ఒకే గూట్లో చాలామంది రాణులుంటాయి. గూటికి అపాయం వచ్చిందనిపిస్తే కొన్ని పనిచీమలు ఒకరిద్దరు రాణుల్ని, గుడ్లను, పిల్ల పురుగుల్ని తీసుకుని వేరే చోట కాపురం పెట్టేస్తాయి. మీరు చీలికలోకి పట్టించిన స్ప్రే చేసిన పని అదే, ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టి నాలుగు వాటాలు వేశారు. ఇంకో సంగతి, మనకు కనపడే బారు ఆ గూట్లో ఉన్న వాటిలో కొంత భాగమే. తిండికి బయటికొచ్చే వాటిలో చాలావరకు వయసు మీరిన చీమలే ఉంటాయి. వాటిని ఎన్ని చంపినా లోపల గుడ్లు పెట్టేవాళ్లు క్షేమంగా ఉంటారు.

అందుకే వాటిని చంపకూడదు, వాటితోనే మందు మోయించాలి. చీమకు పొట్టలు రెండు, ఒకటి తనకు, ఒకటి ఇంటికి. బయట తాగిన తీపి నీళ్లు ఆ రెండో పొట్టలో నింపుకుని వెళ్లి లోపల ఉన్నవాటికి నోటితో నోటికి పంచుతుంది, అలా చేతులు మారి మారి (నోళ్లు అనాలేమో) రాణి దాకా చేరుతుంది. మనకు కావలసిన మందు మెల్లగా చంపేది. తాగిన వెంటనే చస్తే ఇంటికి ఎవరు తీసుకెళ్తారు?

నేను వాడింది బోరిక్ యాసిడ్. అర లీటరు గోరువెచ్చని నీళ్లు, 50 గ్రాముల చక్కెర, 5 గ్రాముల బోరిక్ పొడి, అంటే నూటికి ఒక పాలు మందు. తూకం లేకపోతే తలకొట్టిన ఒక టీస్పూను. బాగా కరిగించి దూదిని అందులో ముంచి, మూతకు సన్నటి రంధ్రాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత టేపుతో బిగించేయండి. బారు నడిచే దారి పక్కన పెట్టాలి, దారి మధ్యలో కాదు. పాప ఉంది కాబట్టి నేల మీద ఒక్కటి కూడా వద్దు, సింకు వెనక, అలమర పైన, చేయి అందని చోట గోడకు అతికించండి. కలిపిన సీసా మీద పెద్ద అక్షరాలతో విషం అని రాయండి, తాగే నీళ్ల సీసాలో మాత్రం పోయకండి, ఇంకొకరు చూసుకోకుండా తాగేస్తారు. పొరపాటున ఎవరి నోట్లోకైనా పోతే ఇంటి వైద్యాలు పెట్టుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇంకొకటి, డబ్బాలు పెట్టిన రోజు నుంచి స్ప్రే, చాక్‌పీసు, ఘాటు వాసన వేసే ఫినాయిల్, ఏదీ ఆ చుట్టుపక్కల వద్దు. తుడవడం కూడా ఆ దారిలో ఆపేయండి. మిగతా ఇల్లంతా మాత్రం వేరే తిండి దొరక్కుండా అద్దంలా ఉంచండి. పాలసీసాలు కడిగేశాక ఒక వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి మధ్యలో చిన్న పీట లాంటిది పెట్టి దాని మీద పెట్టండి, నీళ్లు దాటి రాలేవు.

చెంచాడు:

బోరిక్ అని అందరూ ఊదరగొడతారు, నాకైతే పైసా ఉపయోగం లేదు. సగం గ్లాసు నీళ్లలో రెండు చెంచాలు వేసి పెట్టాను. గిన్నె చుట్టూ ఓ గుప్పెడు చచ్చిపడ్డాయి, మర్నాటి నుంచి ఆ వైపే రావడం మానేశాయి, పక్క గోడ మీంచి వస్తున్నాయి.

మూడిళ్లు మారినవాడు:

చెంచాడు గారూ, మీరు వేసింది నేను చెప్పిన దానికి దగ్గర దగ్గర పది రెట్లు. అందుకే గిన్నె దగ్గరే చచ్చాయి. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందని మనకనిపిస్తుంది, ఇక్కడ మాత్రం లెక్క తిరగబడుతుంది. గిన్నె పక్కన శవాలు కనపడుతున్నాయంటే మందు ఘాటెక్కిందని అర్థం.

తీపి ముట్టకపోతే ఇంకో దారి ఉంది. ఎదిగిన చీమలు గట్టి పదార్థం మింగలేవు, ద్రవమే తాగుతాయి. గట్టి ముక్కలు మోసుకెళ్లేది పిల్ల పురుగుల కోసం. గూట్లో పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో వాటి మోజు మాంసకృత్తులు, నూనె వస్తువుల మీదికి పోతుంది. అప్పుడు వేరుశెనగ వెన్నలో అదే పాళ్లలో కలిపి పెట్టాలి. ముందు మందు కలపకుండా ఒక చుక్క తీపి, ఒక చుక్క వెన్న పక్కపక్కన పెట్టి గంట తర్వాత చూడండి, దేని దగ్గర గుంపు ఉంటే అది.

కరెంటోడు:

అమ్మా, మీరు స్విచ్‌బోర్డు అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను నేను. దయచేసి అందులోకి స్ప్రే కొట్టకండి. చాలా స్ప్రే డబ్బాల్లో మందును బయటికి నెట్టే గ్యాసు మండేదే, లోపల స్విచ్ వేసినప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తూనే ఉంటుంది. తడి తగిలితే షాక్ భయం వేరే. నా పనిలో చీమలు దూరిన బోర్డులు చాలా విప్పాను, స్విచ్ కొసల మధ్య నలిగి చచ్చి చచ్చి పేరుకుపోయి స్విచ్ పట్టకుండా చేసినవి ఉన్నాయి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌తో విప్పించి బ్రష్‌తో దులిపించండి. కానీ ఇప్పుడే వద్దు, పైన చెప్పిన మందు పని అయ్యాక. ఇప్పుడు దులిపితే మళ్లీ చెదిరి ఇంకో గదిలో తేలతాయి. అంతవరకు బోర్డు పక్కన గోడకు ఒక డబ్బా అతికించండి, తడి మాత్రం బోర్డు మీదికి కారకూడదు.

కిటికీ పక్క కుర్చీ:

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. మా ఇంట్లో చిన్నవి కాదు, గండుచీమలు, రాత్రిపూట కిటికీ చట్రం లోంచి వస్తున్నాయి, కింద రంపపు పొట్టు లాంటిది కుప్ప పడుతోంది. నిన్న రెక్కలున్నవి కూడా కనిపించాయి. చెదలా?

మూడిళ్లు మారినవాడు:

ఒక రెక్కల పురుగును పట్టి భూతద్దంలో చూడండి. నడుము సన్నగా, మీసాలు మోచేయిలా వంగి, ముందు రెక్కలు పెద్దవి వెనకవి చిన్నవి అయితే చీమ. నడుమే లేకుండా ఒకే లావుగా, మీసాలు తిన్నగా, నాలుగు రెక్కలూ ఒకే పొడవు ఉంటే చెద. పొట్టు కుప్ప పడుతోందంటే వడ్రంగి చీమలు అయి ఉండొచ్చు. అవి చెక్కను తినవు, గూడు కోసం తొలిచి పొట్టు బయట పారేస్తాయి, ఎక్కువగా నాని మెత్తబడిన చెక్కలో చేరతాయి. అంటే మీకు చీమల కంటే ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూడాల్సిన పని ఉంది. చెద అని తేలితే మాత్రం సొంత ప్రయోగాలు వద్దు, మనిషిని పిలవండి.

కుండీల పిచ్చి:

ఇంట్లో మొక్కలున్నవాళ్లు ఆకుల అడుగున కూడా చూసుకోండి. పిండినల్లి గానీ పేనుబంక గానీ పట్టి ఉంటే అవి కార్చే తీపి జిగురు కోసం చీమలు రోజూ వస్తాయి, పైగా వాటిని కాపలా కాస్తాయి కూడా, పశువుల్ని మేపుకున్నట్టు. ఆ నల్లిని కడిగేయకుండా వంటిల్లు ఎంత తుడిచినా దండగ. నేను రెండు నెలలు తుడిచాక గానీ బుర్ర వెలగలేదు.

నిద్రలేనమ్మ:

నిన్న రాత్రి డబ్బాలు పెట్టాను. పొద్దున లేచి చూస్తే గుండె ఆగినంత పనైంది! ఇంతకుముందు సన్నటి గీతలా ఉండేది, ఇప్పుడు వేలెడు వెడల్పున వస్తున్నాయి, డబ్బా మూత కనపడట్లేదు. ఇంటికి పిలిచి విందు పెట్టినట్టుంది. స్ప్రే డబ్బా చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. ఏం చేయమంటారు?

మూడిళ్లు మారినవాడు:

ఏమీ చేయకండి. ఇదే మనకు కావలసింది. ఆ డబ్బాను అక్కడే వదిలేసి ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి, చూస్తూ నిలబడితే చేతులు ఊరుకోవు. దూది ఎండితే తడపండి, అంతే. రెండు మూడు రోజుల్లో గుంపు పలచబడుతుంది. కానీ ఫారో రకం కాబట్టి పూర్తిగా పోవడానికి వారాలు పట్టొచ్చు, నాకు అయిదు వారాలు పట్టింది. గుడ్లలోంచి, పిల్ల పురుగుల్లోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి, అవన్నీ పెరిగి మందు తాగేదాకా డబ్బాలు ఉండాల్సిందే.

తడిగుడ్డ:

సబ్బు నీళ్ల గురించి నేను తొందరపడి చెప్పాను, మావి నల్లవి, బయటి నుంచి వచ్చేవి, అందుకే పోయినట్టున్నాయి. వాసన గీత సంగతి ఎత్తాను కాబట్టి చిన్న ముక్క, 1959లో ఎడ్వర్డ్ విల్సన్ అనే శాస్త్రవేత్త నిప్పు చీమల పొట్టలోని ఒక చిన్న గ్రంథిని నలిపి ఆ రసంతో గీత గీస్తే, తిండి ఏమీ లేకపోయినా చీమలు గుంపుగా గూట్లోంచి వచ్చి ఆ గీత వెంటే నడిచాయి. ఈ చీమలకు ఉపయోగపడే విషయం కాదు, చదివినప్పటి నుంచి ఎవరికైనా చెప్పాలని ఉండింది.

నిద్రలేనమ్మ (మూడు వారాల తర్వాత):

మర్చిపోయాననుకోకండి, పాపకు జలుబు చేసి ఇటు రాలేదు. బాత్రూమ్ బారు ఆరో రోజుకే పోయింది. స్విచ్‌బోర్డుది రెండు వారాలు పట్టింది, నిన్న ఎలక్ట్రీషియన్ వచ్చి విప్పితే లోపల చచ్చినవి, ఎండిన గుడ్లు ఉన్నాయి, బతికున్నది ఒక్కటీ లేదు. మధ్యలో ఓ వారం తీపి ముట్టడం మానేశాయి, వెన్న పెడితే మళ్లీ ఎగబడ్డాయి. పులులు కాదుగా అన్న మనిషి రాత్రిళ్లు టార్చి వేసి ఏ డబ్బాలో ఎన్ని ఉన్నాయో లెక్క చెబుతున్నారు.

సింకు పక్కది మాత్రం ఇంకా ఉంది, రోజుకు పదో పదిహేనో కనపడతాయి. ఆ చీలికను సిలికాన్‌తో మూసేయనా?

మూడిళ్లు మారినవాడు:

ఇప్పుడే మూయకండి, లోపల మిగిలినవి ఇంకో దారి వెతుక్కుంటాయి. వరసగా రెండు వారాలు ఒక్కటి కూడా కనపడకపోతే అప్పుడు మూయండి. మిగతా గదుల్లో డబ్బాలు కూడా అప్పటిదాకా తీయొద్దు. ఇంతకీ ఆ టైల్ మీద చేయి పెట్టి చూడండి, చెమ్మగా ఉందా? వెచ్చగా, తేమగా ఉండే చోటంటే వీటికి ప్రాణం.

నిద్రలేనమ్మ:

చెమ్మగానే ఉంది! సింకు కింద పైపు కలిసే చోట చుక్క చుక్క కారుతోంది, ఇన్నాళ్లూ గిన్నెలు కడిగిన తడి అనుకున్నాను. ప్లంబర్ శనివారం వస్తానన్నాడు. మిగిలిన మందు నీళ్లు పావు సీసా ఉన్నాయి, పేరు రాసి తాళం వేసే అలమరలో పెట్టాను, ఈ సింకు బారు కూడా పోయాక పారబోస్తాను.