కొండవాలులో కృత్రిమ గడ్డి: అడుగున నీరు నిలుస్తోంది, ఏం చేయాలి?

అరకు హోమ్‌స్టే:
నమస్కారం. అరకు లోయలో మా సొంత స్థలంలో చిన్న హోమ్‌స్టే నడుపుతున్నాము. ఇంటి పక్కన కొండవాలును తవ్వి, ఆ మట్టినే కింది అంచున పోసి, ఆ అంచుకు ఐదడుగుల ఎత్తున సిమెంటు రాతి గోడ కట్టించి, 40 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పున నేల చదును చేయించాము. మామూలు పచ్చిక అతిథుల తొక్కిడికి నిలవకపోవడంతో మొన్న వేసవిలో కృత్రిమ గడ్డి వేయించాము. గుత్తేదారు నాలుగు అంగుళాల గ్రావెల్ పోసి, దిమ్మిస కొట్టించి, దాని మీద గడ్డి పరిచారు. జులై వానలు మొదలయ్యాక అడుగు వేస్తే చాలు, చెప్పు చుట్టూ ఎర్రనీరు ఉబికి వస్తోంది. గోడ వైపు రెండు చోట్ల నేల పళ్లెంలా కుంగింది, గోడ మధ్యలో తడి మచ్చ కూడా కనిపిస్తోంది. గడ్డికి మరిన్ని రంధ్రాలు పొడిస్తే సరిపోతుందని గుత్తేదారు అంటున్నారు. అది సరైన పనేనా?

మట్టపు గొట్టం:
రంధ్రాలు పొడిపించకండి. గడ్డి అడుగున ఉండే పట్టాకు రంధ్రాలు ముందే ఉంటాయి, నీరు అక్కడ ఆగడం లేదు, దాని కింద ఆగుతోంది. మీరు రాసిన "గ్రావెల్" అనే మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. మన వైపు గ్రావెల్ అంటే లారీలో వచ్చే ఎర్ర మొరం, అందులో బంకమట్టి పాలు ఎక్కువ కాబట్టి దిమ్మిస కొట్టే కొద్దీ అది నీటిని వదలని పలకలా బిగుసుకుపోతుంది. విదేశీ వీడియోల్లో గ్రావెల్ అని చూపేది కంకర. మాట ఒకటే, సరుకు వేరు.

అయితే మొరం తీసి కంకర పోసినంత మాత్రాన పని పూర్తి కాదు. మీ నేల సుమారు 60 చదరపు మీటర్లు, గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద నేరుగా పడేది దాదాపు 3,000 లీటర్లు. పైనున్న వాలు నుంచి జారివచ్చే నీరు ఇంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు, కాబట్టి ముందుగా దానిని దారి మళ్లించాలి. తవ్విన వాలు పాదం వెంట అడుగున్నర లోతు కాలువ తీయించి, అందులో నీటిని వదిలి మట్టిని ఆపే జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, రంధ్రాలున్న నాలుగంగుళాల పీవీసీ పైపును రంధ్రాలు కిందికి ఉండేలా పెట్టి, చుట్టూ 20 ఎం.ఎం. కంకర నింపి, గుడ్డను పైకి మడిచి మూయాలి. పైపు చివర గోడను దాటి, రాళ్లు పరిచిన కాలువలోకి బయటపడాలి. పక్కవారి పొలంలోకి వదిలితే నీటి సమస్య తీరినా తగవు మిగులుతుంది.

ఆ తరువాత మొరం మొత్తం తీయించి, నేలంతా అదే గుడ్డ పరిచి, దాని మీద ఐదంగుళాల మందాన 20 ఎం.ఎం. కంకర, దాని పైన అంగుళం మందాన 6 ఎం.ఎం. చిప్స్ (సన్న కంకర) పోసి, ప్లేట్ కంపాక్టర్ అనే నేల అదిమే యంత్రంతో బిగించండి. చిప్స్‌లో డస్ట్ (రాతిపొడి) కలిసి ఉంటే ఆ లోడు తిప్పి పంపండి. 16 అడుగుల వెడల్పుకు 3 అంగుళాల వాటం గోడ వైపు ఇచ్చి, గోడకు లోపలి అంచున మరో పైపు వేసి నీటిని పొడవునా బయటికి తీసుకుపోవాలి. వాటాన్ని కంటితో అంచనా వేయనివ్వకండి, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టంతో మీ ఎదుటే చూపించమనండి.

ఇంతకీ గడ్డి కన్నా నన్ను కలవరపెడుతున్నది ఆ తడి మచ్చ. గోడకు నీరు కారే గొట్టాలు పెట్టారా?

అరకు హోమ్‌స్టే:
పెట్టలేదండి. మీరు రాసిన తరువాత ఒక మూల గడ్డి ఎత్తి చూశాము. మొరం చేతిలో ముద్దగా చుట్టుకుంటోంది. గోడ పక్కన ఇంకుడు గుంత తవ్విస్తే తొందరగా ఆరుతుందేమోనని మా అన్నయ్య అంటున్నారు.

మట్టపు గొట్టం:
దయచేసి ఆ పని చేయకండి. గోడ వెనుక ఉన్నది పోసిన మట్టి, దానిలోకి నీటిని ఇంకించడమంటే గోడను వెనుక నుంచి నెట్టించడమే. ఇంకుడు గుంత చదును నేలలో మేలు చేస్తుంది, గోడ మీది గట్టున కాదు. గోడ అడుగు భాగంలో ఐదేసి అడుగులకు ఒకటి చొప్పున మూడంగుళాల గొట్టాలు పెట్టించి, వాటి వెనుక కంకర నింపించండి. గోడ ఉబ్బినట్టుగానీ, పగులు వెడల్పవుతున్నట్టుగానీ కనిపిస్తే పనివాళ్లను ఆపి, ముందు ఇంజనీరుకు చూపించండి.

కాఫీతోట పక్కిల్లు:
పై సలహాతో ఏకీభవిస్తూనే, మా ఇంట్లో జరిగింది చెబుతాను. మేము పైపు సరిగ్గానే వేయించాము, కానీ రెండో ఏడాదికే సిల్వర్ ఓక్ ఆకులు కాలువ నోటిని పూడ్చేశాయి. అందుకని పైపు ఎగువ కొసన మూత తీసి కడిగే వీలుంచండి, దిగువ నోటికి జాలీ పెట్టండి. మరొక మాట, అతిథులు క్యాంప్‌ఫైర్ అడుగుతారు, బొంగు చికెన్ కాలుస్తారు. ఒక్క నిప్పురవ్వ పడినా ప్లాస్టిక్ గడ్డి కరిగి నల్లటి మచ్చ పడుతుంది. నిప్పు పెట్టే చోటును దూరంగా, రాతి పలకల మీద ఏర్పాటు చేసుకోవడం మంచిది.

పోసిన మట్టి కుంగడం కూడా ఇంకా ఆగి ఉండదు. నా మాట వింటే గడ్డిని చుట్టి షెడ్డులో పెట్టి, ఇప్పుడు కాలువ, గోడ గొట్టాల పని మాత్రం చేయించి, అక్టోబరు, నవంబరు తుఫాను వానలు కూడా దాటాక, కుంగిన చోట్లు నింపి డిసెంబరులో పరచండి. అతుకుల జిగురు పట్టాలంటే ఎలాగూ పొడి వాతావరణం కావాలి, అయితే మంచు ఆరి ఎండ వచ్చాకే పని మొదలుపెట్టించండి.