పాస్టరు తప్పు చేస్తే ఆ ఇంటి పిల్లలకు ఏం చెప్పాలి?

కమిటీ సభ్యుడు

అందరికీ వందనాలు. మా సంఘం పేరు, ఊరి పేరు చెప్పను. మా పాస్టరు గారికి సంఘంలోనే ఒక వివాహితతో రెండేళ్ళుగా సంబంధం ఉందని తేలింది. ఆయనే కమిటీ ముందు ఒప్పుకున్నారు. ఆయన సేవ నుంచి తప్పుకోవాలన్న విషయంలో మాలో రెండో మాట లేదు. తగవంతా పిల్లల దగ్గర వచ్చింది.

అమ్మాయి పదో తరగతి, మార్చిలో పరీక్షలు. అబ్బాయి ఆరో తరగతి. ఆదివారం పొద్దున గుడి గంట కొట్టేది వాడే. మొదట్లో తాడు అందక స్టూలు వేసుకుని ఎక్కేవాడు. కమిటీలో సగం మంది ‘అనారోగ్యం వల్ల విశ్రాంతి తీసుకుంటున్నారు’ అని ప్రకటించి పంపేద్దాం, పిల్లల పరువైనా దక్కుతుంది అంటున్నారు. మిగతా సగం ఆరాధనలో అందరి ముందూ చెప్పాల్సిందే, పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో ఉన్నది అదే అంటున్నారు. పార్సనేజీ, అంటే పాస్టరు కుటుంబానికి సంఘం ఇచ్చిన ఇల్లు, ఈ నెలాఖరుకే ఖాళీ చేయించాలని మరో మాట. పిల్లల వైపు నుంచి చూస్తే ఏది మేలు? శనివారం సాయంత్రం మీటింగు.

పాతకాలపు విశ్వాసి

బ్రదర్, గుట్టుగా ముగించండి. నోవహు ద్రాక్షారసం తాగి గుడారంలో వస్త్రహీనుడై పడి ఉంటే కొడుకు హాము చూసి బయటికి వచ్చి అన్నదమ్ములకు చెప్పాడు. షేము, యాపెతు బట్ట భుజాల మీద వేసుకుని వెనక్కి నడిచి వెళ్ళి కప్పారు. దీవెన ఎవరికి దక్కిందో మనకు తెలుసు. ఆ అమ్మాయికి నాలుగేళ్ళు పోతే సంబంధాలు చూడాలి. ‘ఫలానా పాస్టరు కూతురు’ అనగానే అవతలివాళ్ళు ఫోను పెట్టేస్తారు. మీ నిజాయితీకి ఆ పిల్ల చేత వెల కట్టించకండి.

చివరి బెంచీ

తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు అని నిర్గమకాండంలోనే ఉంది. యాజకుడు ఏలీ ఇల్లు ఏమైంది? దావీదు రాజు ఇల్లు ఏమైంది? పిల్లలు అనుభవించడం దేవుని ఏర్పాటు. మనం అడ్డుపడేదేమీ లేదు.

మేడ మీద గది

పైన ఇద్దరూ చెప్పినది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను పాస్టరు కూతురిని. ఇప్పుడు నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు, టీచరు ఉద్యోగం. మాది స్వతంత్ర సంఘం. కింద ప్రార్థన హాలు, మేడ మీద మా ఇల్లు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నాన్న విషయం బయటపడింది. బయటపడింది అంటే పెద్దలకు. మాకు కాదు.

నాన్న నలభై రోజుల ఉపవాస ప్రార్థనకు వెళ్ళారని చెప్పారు. మాతో అలా చెప్పమని అమ్మకు నేర్పినది పెద్దలే. ఆ నలభై రోజుల్లో వచ్చిన ప్రతి ఆదివారం నన్నూ తమ్ముడినీ ముందుకు పిలిచి, ‘మీ నాన్నగారి కోసం పాట పాడండి’ అనేవారు. తమ్ముడు కీబోర్డు, నేను పాట. హాలులో మూడు వందల మంది. వాళ్ళలో సగం మందికి సంగతి తెలుసు. మాకొక్కరికే తెలియదు. ముందు వరుసలో ఒకావిడ మమ్మల్ని చూసి ఏడుస్తుంటే, పాట బాగుంది కాబోలు అనుకున్నాను.

నాకు ఎలా తెలిసిందంటే, ట్యూషన్‌లో మా సండే స్కూలు పిల్లే, ‘మీరు ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారు? మా డాడీ ఆ గదులు స్టోరుకు కావాలంటున్నారు’ అని అడిగింది. కుళ్ళుతో అడగలేదు, మామూలుగానే అడిగింది.

షేము, యాపెతు సంగతి ఎత్తిన అయ్యగారికి ఒక మాట. ఆ కొడుకులకు తాము కప్పుతున్నది ఏమిటో తెలుసు. తెలిసి, తమ ఇష్టంతో కప్పారు. మా విషయంలో మా చేత బట్ట పట్టించలేదు, మమ్మల్నే బట్టగా వాడారు.

నాన్న తప్పు నన్ను బాధించలేదని చెప్పను. నా బైబిలు మొదటి పేజీలో ఆయన చేతిరాతతో ఒక వాక్యం, కింద ‘ప్రేమతో నాన్న’ అని ఉండేది. చింపడానికి చేతులు రాలేదు. జిగురు పూసి ఆ పేజీని అట్టకు అంటించేశాను. ఈనాటికీ అలాగే ఉంది. కానీ ఆయన మీద కోపం పదేళ్ళకు సర్దుకుంది. చివరి రోజుల్లో ఆయనకు నేనే అన్నం పెట్టాను. పాట పాడించిన పెద్దల మీది కోపం మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను చూసి మెత్తగా నవ్వితే, వీళ్ళకు ఏం తెలుసు, నాకు తెలియనిది ఏమిటి అని వెతుక్కుంటాను. మా ఆయనకు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పను.

బయటివారికి తెలియని సంగతి మరొకటి. బ్యాంకు ఉద్యోగి తప్పు చేస్తే పిల్లలకు తండ్రి మీద నమ్మకం పోతుంది, అంతే. పాస్టరు తప్పు చేస్తే తండ్రి, ఇల్లు, ఇంటి ఆదాయం, స్నేహితులు, పాట, దేవుడు, అన్నీ ఒకే వారంలో కదిలిపోతాయి. ఎందుకంటే ఇవన్నీ ఒకే కాంపౌండులో ఉంటాయి. పిల్లలు లోబడి ఉంటేనే తండ్రి అధ్యక్షుడిగా తగినవాడని తిమోతి పత్రికలో ఉంది కదా, దానితో పుట్టినప్పటి నుంచి మేము ఆయనకు సర్టిఫికెట్లుగా పెరిగాం. గట్టిగా నవ్వకూడదు, సినిమాకు వెళ్ళకూడదు. ఆయన పడిపోతే సర్టిఫికెట్టు ఎందుకు పనికొస్తుంది?

తమ్ముడి కథ వేరు. హాలు మీద అప్పు ఉంది, కానుకలు తగ్గాయి. వాడికి ఇరవై ఏళ్ళు నిండగానే పుల్పిట్ ఎక్కించారు. వాడు అడగలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే దెబ్బ తిన్నాం. నేను పదేళ్ళు గుడి గడప తొక్కలేదు, వాడు గుడి దాటి బయటికి రాలేదు. వాడు నాన్న తప్పే చేయలేదని వాదిస్తాడు. ఆ మాట దగ్గరే మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

పేరున్న క్రైస్తవ బోధకుడు రవి జకరయాస్ విషయంలోనూ ఇటువంటిదే చూశాం. 2020 మే నెలలో ఆయన చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థ వేయించిన విచారణ నివేదికే, స్త్రీల పట్ల ఆయన లైంగిక దుష్ప్రవర్తన నిజమని తేల్చింది. అప్పుడు సంస్థను నడుపుతున్నది కూతురు. కొడుకేమో ఆ నివేదిక తప్పని, తండ్రి నిర్దోషి అని బహిరంగంగా రాశాడు. ఆ కూతురు కుర్చీలో నేను ఉండి ఉంటే ఏం చేసేదాన్నో అని చాలాసార్లు అనుకున్నాను.

కమిటీ వారికి నా జవాబు: పిల్లలకు ముందు చెప్పండి. సంఘానికి ఆ తరువాత.

సండే స్కూలు మాస్టారు

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను.

చివరి బెంచీ గారూ, నిర్గమకాండం దగ్గరే ఆగిపోకండి. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్ళు పులిశాయనే సామెత ఇక పలకవద్దని యెహెజ్కేలు 18లో దేవుడే అన్నాడు. తండ్రి దోషానికి కొడుకు శిక్ష మోయడని అక్కడే ఉంది.

అయినా మీరు దావీదు ఇంటిని ఎత్తారు కాబట్టి అది చూద్దాం. దావీదు కొడుకు అమ్నోను తన చెల్లెలు తామారును చెరిచాడు. దావీదు సంగతి విని చాలా కోపగించుకున్నాడని రెండో సమూయేలు 13లో ఉంది. కోపం తరువాత? ఏమీ లేదు. పిలిచి మందలించినట్టు లేదు, తామారును పలకరించినట్టూ లేదు. రెండేళ్ళు గడిచాక తామారు అన్న అబ్షాలోము తానే అమ్నోనును చంపించాడు. దావీదు ఎందుకు ఊరుకున్నాడో గ్రంథం చెప్పదు. నా ఊహ మాత్రం ఒకటుంది: పరుని భార్య బత్షెబతో తాను చేసిన పాపం తరువాత ఆ తండ్రికి కొడుకును నిలదీసే నోరు లేకపోయింది. తండ్రి పాపం పిల్లలకు ఎలా చేరుతుందంటే నాకు కనిపించేది ఆ మౌనమే.

మా వైపు పెద్ద సంఘాల్లో బదిలీ ఒక మార్గం. రాత్రికి రాత్రి మరో పాస్టరేటుకు పంపుతారు. విద్యా సంవత్సరం మధ్యలో పిల్లలు కొత్త బడిలో చేరతారు, ‘అక్కడ ఎవరితోనూ ఏమీ అనకండి’ అన్న హెచ్చరికతో సహా. అటువంటి ఇద్దరికి పాఠం చెప్పాను. క్లాసులో నోరు విప్పేవారు కాదు.

నల్లకోటు

కమిటీ వారు ‘సంబంధం’ అనే మాట వాడారు కాబట్టి రెండు ముక్కలు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 497 సెక్షన్ కొట్టేశాక వ్యభిచారం నేరం కాదు, అది మీ సంఘ క్రమశిక్షణ విషయం. కానీ ఎక్కడైనా పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల మాట వినిపించిందా, మీటింగు అవసరం లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి.

ఇంకొకటి. ఇంతసేపూ పాస్టరు పిల్లల గురించే మాట్లాడుకుంటున్నాం. ఆ వివాహితకు పిల్లలు లేరా? వాళ్ళూ అదే సండే స్కూల్లో కూర్చుంటారు కదా? బైబిలు పట్టుకుని ఇంటికి వచ్చే మనిషికీ, కష్టం చెప్పుకునే మనిషికీ మధ్య ‘ఇద్దరూ పెద్దవాళ్ళే’ అనడం కూడా అంత తేలిక కాదు.

షార్లెట్ నుంచి

అమెరికాలో నేను ఉండే చోటికి దగ్గర్లోనే, దక్షిణ కరోలినా ఫోర్ట్ మిల్‌లో టీవీ బోధకుడు జిమ్ బేకర్ కట్టించిన హెరిటేజ్ యూఎస్ఏ అనే క్రైస్తవ వినోద కేంద్రం ఉండేది. సగం కట్టి వదిలేసిన 21 అంతస్తుల హోటలు ఏళ్ళ తరబడి అలాగే నిలబడింది. 1987 మార్చిలో ఆయన రాజీనామా చేసేనాటికి కొడుకు జే వయసు 11. ఒక స్త్రీ నోరు మూయించడానికి ఇచ్చిన సొమ్ము సంగతితో మొదలై లెక్కలన్నీ బయటికి వచ్చాయి. 1989లో మోసం కేసులో 45 ఏళ్ళ శిక్ష పడింది, తరువాత తగ్గించారు. కుర్రవాడు తాగుడుకు అలవాటు పడ్డాడు. తరువాత మానేశాడు. గుడి గుమ్మం ఎక్కలేని కుర్రకారు కోసం ఇంకొందరితో కలిసి ఒక సంఘం పెట్టాడు. అందరూ అలా తేరుకుంటారని చెప్పడానికి కాదు. ఆ పదకొండేళ్ళ వయసు మీ గంట కొట్టే అబ్బాయిదే అని గుర్తుకొచ్చి రాస్తున్నాను.

పాతకాలపు విశ్వాసి

సహోదరీ, మీ ‘బట్ట’ మాట గట్టిగా తగిలింది. పిల్లలకు ముందు చెప్పాలన్నది ఒప్పుకుంటున్నాను. కానీ నాలుగు గోడల మధ్య చెప్పడం వేరు, మైకులో చెప్పడం వేరు. ఇవాళ ఆరాధన లైవ్‌లో పోతుంది, మధ్యాహ్నానికి ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పుతారు. పెళ్ళి మాట దగ్గర కూడా నేను వెనక్కి తగ్గడం లేదు.

మేడ మీద గది

మైకు విషయంలో మీ మాట నిజం. కెమెరా ఆపి, సభ్యులు మాత్రమే ఉన్నప్పుడు, రెండు వాక్యాలు చెబితే చాలు. ఆ స్త్రీ పేరు వద్దు. ఆ సమయంలో పిల్లలు హాలులో ఉండకూడదు. పెళ్ళి అంటారా, నాకు సంబంధం తప్పిపోయింది. దాచినందుకు తప్పింది. నిశ్చితార్థం అయ్యాక వాళ్ళకు మరెవరో చెప్పారు.

కమిటీ సభ్యుడు

మీటింగు అయింది. సంఘానికి ఏం చెప్పాలన్నదానిపై ఇంకా ముడి వీడలేదు, మరో వారం వాయిదా. అనారోగ్యం అన్న మాట మాత్రం తీసేశాం. ఇల్లు మే నెలాఖరు వరకు వాళ్ళదే, అమ్మాయి పరీక్ష ఫీజు, ట్యూషన్ సంఘం ఖర్చు. ఇద్దరు పెద్దలు దీనికి ఒప్పుకోక లేచి వెళ్ళిపోయారు. అవతలి కుటుంబాన్ని కలవడానికి ఇద్దరు స్త్రీలను పంపుతున్నాం. నల్లకోటు గారు అడగకపోతే మాకు తట్టేదే కాదు.

పిల్లలకు నిన్న రాత్రి పాస్టరు గారే చెప్పారట, అమ్మగారు పక్కన కూర్చున్నారట. అమ్మాయి గది తలుపు వేసుకుంది. అబ్బాయి ఒకటే అడిగాడట, రేపు గంట ఎవరు కొడతారని. ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ పొద్దున నేను తాళాలతో వెళ్ళేసరికి వాడు అక్కడ నిలబడి ఉన్నాడు. తలుపు తీశాను.